స్లాబు పడేరోజు ఆయన రాడు!

ఇల్లు కట్టుకునేవాళ్లకు ఆయన పేరు వింటేనే గుబులు. టేపు పట్టుకుని వస్తాడు. ప్రహరీకీ గోడకీ మధ్య జాగా కొలుస్తాడు. తేడా ఉంటే నోటీసిచ్చి వెళతాడు. ఆయనే బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్! మరి ఆ ఇంటిని నిలబెట్టే ఇనుమునీ కాంక్రీటునీ చూసేదెవరు?

ఇంటి యజమానికి స్లాబు రోజంటే సగం పెళ్లి. ముందురోజు రాత్రి నిద్రుండదు. పదిసార్లు బయటికొచ్చి ఆకాశంవంక చూసి, వాన రాకూడదని దండం పెట్టుకుంటాడు. తెల్లారకముందే మిల్లరు చప్పుడు మొదలవుతుంది. మేస్త్రీ కొబ్బరికాయ కొట్టి, నాలుగు పూలు పెట్టి, మొదటి తట్ట కాంక్రీటు యజమాని చేతే వేయిస్తాడు. ఇక అక్కణ్నుంచి ఒకరి మాట ఒకరికి వినపడదు. కంకర, ఇసుక, సిమెంటు, నీళ్లు... లిఫ్టు పైకీ కిందికీ తిరుగుతూనే ఉంటుంది. తట్టలు చేతులు మారుతూనే ఉంటాయి. మధ్యాహ్నం కూలీలకు మాంసం భోజనం. పొద్దుగూకేసరికి, నిన్నటిదాకా కళ్లెదుట కనిపించిన ఊచలన్నీ మాయం. వాటి స్థానంలో నున్నటి స్లాబు! చూడ్డానికి వచ్చిన చుట్టాలు ‘బాగా వచ్చింది’ అంటారు.

నిజమే, పైన నునుపు బాగానే వచ్చింది. లోపల ఎలా వచ్చిందో చెప్పగలిగినవాళ్లు అక్కడెవరూ లేరు.

ఆరోజు ఆ ఇంటికి వచ్చినవాళ్లందర్నీ లెక్కపెట్టండి. మేస్త్రీ, సెంట్రింగువాళ్లు, రాడ్ బెండరు, కూలీలు, యజమాని బావమరిది, సలహాలివ్వడానికి ఎదురింటి పెద్దాయన. వినాయకుడి చందా కోసం వచ్చిన కుర్రాళ్లను కూడా వేసుకోవచ్చు. రానిది ఒక్కరే. ఆ ఇనుము సరిగ్గా కట్టారో లేదో చదువుకుని తెలిసిన మనిషి! తెల్లారితే ఆ మనిషి వచ్చినా లాభం లేదు. అప్పటికి అంతా కాంక్రీటు కింద కప్పడిపోయి ఉంటుంది.

‘అదేంటి, మున్సిపాలిటీలో బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్ ఉంటాడు కదా?’ అంటారా? ఉంటాడు. ఆయన పనే వేరు!

టేపు పట్టిన ఇంజినీరు

జనం నోట్లో ‘బిల్డింగ్ ఇన్‌స్పెక్టర్’గా నానుతున్న ఈ ఉద్యోగి అసలు పేరు టౌన్ ప్లానింగ్ అండ్ బిల్డింగ్ ఓవర్‌సీర్. పొడి అక్షరాల్లో టీపీబీఓ. పట్టణ ప్రణాళిక విభాగంలో క్షేత్రస్థాయి మెట్టు ఇది. ఆ పైన సూపర్‌వైజర్లు, అసిస్టెంట్ సిటీ ప్లానర్లు, సిటీ ప్లానర్లు ఉంటారు. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో వార్డు సచివాలయాలు వచ్చాక ఇలాంటి బాధ్యతలతోనే వార్డు ప్లానింగ్ కార్యదర్శుల్ని నియమించారు.

ఈ ఉద్యోగం రావాలంటే తక్కువలో తక్కువ సివిల్ ఇంజినీరింగ్‌లో డిప్లొమా ఉండాలి. బీటెక్ సివిల్, బీఆర్క్, బీ ప్లానింగ్ చేసినవాళ్లూ అర్హులే. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్ 2022లో 175 టీపీబీఓ పోస్టులకు ప్రకటన ఇస్తే పాలిటెక్నిక్ కుర్రాళ్లతోపాటు బీటెక్‌వాళ్లూ ఎగబడ్డారు. 2023 మార్చి 12న జరగాల్సిన ఆ పరీక్ష, ప్రశ్నపత్రం బయటికి పొక్కిందన్న అనుమానంతో ఆగిపోయింది. ఆ తీగ లాగితేనే కమిషన్ పేపర్ల లీకేజీ డొంకంతా కదిలింది. చివరికి అదే ఏడాది జులైలో పరీక్ష మళ్లీ పెట్టారు. ఒక్క ఓవర్‌సీర్ కొలువు కోసం ఆ కుర్రాళ్లు పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు.

పరీక్షలో ఒక పేపరు జనరల్ స్టడీస్ అయితే రెండోది సివిల్ ఇంజినీరింగ్. బీములో ఇనుము ఎంత పడాలి, నేల ఎంత బరువు మోస్తుంది, కాంక్రీటు బలాన్ని ఎలా పరీక్షిస్తారు... ఇలాంటివన్నీ పాలిటెక్నిక్‌లోనే చదివి వస్తారు. తీరా ఉద్యోగంలో చేరాక అందులో ముప్పాతిక వంతుతో పనే పడదు. చేతికి టేపు ఇస్తారు. ఫైళ్లు ఇస్తారు. ఇప్పుడైతే ఓ ట్యాబో స్మార్ట్‌ఫోనో అదనం.

స్థలం పత్రాలు సరిగ్గా ఉన్నాయా, అది ప్రభుత్వ భూమా, చెరువు శిఖమా? ముందున్న రోడ్డు ఎన్ని అడుగులు, రేపు వెడల్పు చేస్తే ఎంత పోతుంది? చుట్టూ సెట్‌బ్యాక్ వదిలారా? ఎత్తు ఎంత? ప్లానులో చూపించినవి మూడంతస్తులైతే కట్టినవెన్ని? ఇవీ ఆయన చూసేవి. ఉమ్మడి రాష్ట్రంలో 2012 ఏప్రిల్‌లో వచ్చిన 168 నంబరు జీవో ఇందుకు పెద్దబాలశిక్ష లాంటిది. 200 నుంచి 300 చదరపు మీటర్ల స్థలంలో పది మీటర్ల ఎత్తు ఇల్లు కడితే మిగతా పక్కలా వెనకా మీటరున్నర చొప్పున వదలాలంది ఆ జీవో. పది హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే పూర్తి నీటిమట్టం హద్దు నుంచి 30 మీటర్ల దూరం, అంతకంటే చిన్న కుంటకైతే 9 మీటర్లు. ఎత్తు 18 మీటర్లు దాటితే హైరైజ్ కిందే లెక్క.

ఇవేవీ తీసిపారేసే కొలతలు కావు. 2025 మే 18న పాతబస్తీ గుల్జార్ హౌజ్ దగ్గర ఇంట్లో నిప్పంటుకుని 17 మంది ఊపిరాడక చనిపోయారు. లోపలికి వెళ్లడానికి, బయటికి రావడానికి ఉన్నది ఇరుకు దారి. ఒక్క మీటరు జాగా, ఇంకో మెట్లదారి ప్రాణాలతో సమానమని ఆ పొద్దు తెలిసింది. కాబట్టి టేపు పని చిన్నదేం కాదు.

అయితే, టేపు కొలవగలిగేది పైకి కనిపించేదాన్నే!

అనుమతి ఉన్నా... లేకున్నా...

2014 జూన్ 28. శనివారం సాయంత్రం. చెన్నై శివార్లలోని మౌలివాక్కంలో జోరు వాన. పని దాదాపు చివరికొచ్చిన పదకొండంతస్తుల అపార్ట్‌మెంట్ ఒకటి ఉన్నట్టుండి పేకమేడలా కుప్పకూలింది. రోజుల తరబడి శిథిలాలు తవ్వితే 27 మంది బతికి బయటపడ్డారు. 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పొట్ట చేతపట్టుకుని వెళ్లిన కూలీలు చాలామంది. ఆ వారమంతా ఉత్తరాంధ్ర పల్లెలకు శవపేటికలు వస్తూనే ఉన్నాయి.

పిడుగు పడిందన్నారు మొదట. విచారణలో తేలిందేంటంటే, పడింది పిడుగు కాదు... పిల్లర్లు మోయాల్సిన బరువుకీ మోయగలిగిన బరువుకీ మధ్య ఉన్న తేడా. పక్కనే అదే ప్రాజెక్టులో కట్టిన రెండో టవరు కూలకుండా నిలబడే ఉంది. కానీ అందులో మనుషులు ఉండటం క్షేమం కాదని తేలింది. 2016 నవంబరు 2న పేలుడు పదార్థాలు పెట్టి దాన్నీ నేలమట్టం చేశారు. గమనించాల్సింది ఏంటంటే... ఇది దొంగచాటు కట్టడం కాదు. ప్లాను ఉంది. అనుమతి ఉంది. సంతకాలున్నాయి.

ఆ రెండో టవరు కూల్చిన నెలకే హైదరాబాద్ వంతు వచ్చింది. 2016 డిసెంబరు 8 రాత్రి నానక్‌రామ్‌గూడలో, ఐటీ కంపెనీల అద్దాల మేడలకు కూతవేటు దూరంలో, కడుతూ ఉన్న ఏడంతస్తుల భవనం కూలి 11 మంది చనిపోయారు. ఇక్కడా బలైంది పొట్టకూటికి వచ్చిన కూలీలే. విజయనగరం జిల్లావాళ్లు, ఛత్తీస్‌గఢ్ వాళ్లు. ఈ భవనానికి అనుమతి లేదు. చిన్నపాటి జాగాలో అంతస్తు మీద అంతస్తు లేపుతుంటే అడ్డుకోనందుకు అధికారుల మీద వేటు పడింది.

ఒకచోట కాగితాలన్నీ ఉన్నాయి. ఇంకోచోట ఏవీ లేవు. రెండుచోట్లా శిథిలాల కింద నలిగిపోయింది పార్వతీపురం, పాలకొండ వైపు బస్సెక్కి వలసవచ్చే జనం లాంటివాళ్లే. అంటే అసలు లోటు అనుమతి కాగితంలో లేదు. పిల్లరుకు కాంక్రీటు పోసేముందు అందులో ఇనుము ఎంతుందో, ఆ బరువుకు అది చాలుతుందో లేదో అడిగే అధికారం, చదువు రెండూ ఉన్న మనిషి ఆ పిల్లరు పక్కన నిలబడకపోవడంలో ఉంది.

చూడాల్సింది ఏంటంటే...

ఒకవేళ స్లాబుకు ముందురోజు సాయంత్రం అలాంటి మనిషే వచ్చాడనుకోండి. ఏం చూస్తాడు?

మొదట వంగి ఊచల కింద చూస్తాడు. సెంట్రింగు రేకుకీ ఊచకీ మధ్య జాగా ఉండాలి. దాన్నే కవరు అంటారు. స్లాబుకైతే 20 మిల్లీమీటర్లు, పిల్లరుకు 40, పునాదికి 50. ఇది భారతీయ ప్రమాణాల సంస్థ కాంక్రీటు కోసం పెట్టిన ఐఎస్ 456 ప్రమాణం చెప్పే లెక్క. అంత జాగా ఉండాలంటే సిమెంటుతో చేసిన కవరు బిళ్లలు ఊచల కింద పెట్టాలి. చాలాచోట్ల బిళ్లలకు బదులు కంకర ముక్కలు పెడతారు. కాంక్రీటు పోస్తూ మనుషులు తొక్కేసరికి అవి కాస్తా పక్కకు జారతాయి. ఊచ వెళ్లి రేకును ఆనుకుంటుంది. పదేళ్లు తిరిగేసరికి తేమ తగిలి ఊచ తుప్పు పడుతుంది. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలదీస్తుంది. వంటింటి సీలింగు నుంచి పెచ్చులూడి పడటం చాలా ఇళ్లలో చూసే ఉంటారు. ‘ఇల్లు పాతబడింది’ అనుకుంటాం కానీ, ఆ జబ్బు స్లాబు పడిన రోజునే పుట్టింది!

తర్వాత రింగులు. పిల్లరు నిలువు ఊచల చుట్టూ పట్టీలా కట్టేవి. వాటి కొసలు లోపలికి, 135 డిగ్రీల కోణంలో వంచాలి. అలా వంచడం చేతులకు కష్టం కాబట్టి రాడ్ బెండరు సులువుగా 90 డిగ్రీల దగ్గర ఆపేస్తాడు. మామూలు రోజుల్లో తేడా తెలీదు. భూమి కంపించిన రోజున ఆ కొసలు విచ్చుకుంటాయి, ఊచలు బయటికి ఉబ్బుతాయి, పిల్లరు నలిగిపోతుంది. 2001 జనవరి 26న భుజ్ దగ్గర భూకంపం వస్తే ఎక్కడో 200 కిలోమీటర్ల పైన ఉన్న అహ్మదాబాద్‌లో అపార్ట్‌మెంట్లు కూలాయి. కింద అంతా పార్కింగు వదిలి, సన్నటి పిల్లర్ల మీద నిలబెట్టిన భవనాలు వాటిలో చాలానే ఉన్నాయి. మన ఊళ్లలో ఇప్పుడు కడుతున్నవన్నీ దాదాపు అలాంటివే కదా!

ఊచ పొడవు చాలనిచోట రెండోదాన్ని జత చేస్తారు. ఎంత మేర కలిపి కట్టాలి? 12 ఎంఎం ఊచకు సుమారు రెండడుగులు. అన్ని ఊచలకూ జాయింటు ఒకేచోట రాకూడదు. ‘అడుగు చాల్లేండి సార్, ఏం కాదు’ అంటాడు మేస్త్రీ. ఆయన అనుభవాన్ని కాదనలేం. ముప్పయ్యేళ్లుగా కడుతున్నాడు, ఒక్క ఇల్లూ పడలేదు. కానీ ఆ ముప్పయ్యేళ్లలో ఆయన కట్టినవి ఎక్కువ రెండంతస్తుల ఇళ్లు. ఇప్పుడు అదే చేత్తో అయిదంతస్తులు కడుతున్నాడు.

ఇక నీళ్లు. కాంక్రీటుకు ప్రాణం పోసేదీ, ప్రాణం తీసేదీ అవే. మామూలు ఇళ్లకు వాడే ఎం20 రకం కాంక్రీటులో 50 కిలోల సిమెంటు బస్తాకు దాదాపు 27 లీటర్లకు మించి నీళ్లు పడకూడదు. ఇసుకలో ఉన్న తడిని కూడా అందులోంచే మినహాయించాలి. మిల్లరు దగ్గర కొలపాత్ర ఎక్కడైనా కనిపిస్తుందా? బకెట్టు, డ్రమ్ము, కంటిచూపు... అంతే. కాంక్రీటు జారుడుగా ఉంటే తొందరగా పరుచుకుంటుంది, కూలీలకు తేలిక. అందుకే ‘ఇంకో బకెట్టు కొట్టరా’ అంటారు. ఆ అదనపు నీళ్లు తర్వాత ఆవిరైపోయి, లోపల కంటికి కనిపించనన్ని చిల్లులు మిగులుస్తాయి. దీన్ని పట్టుకోవడానికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. 30 సెంటీమీటర్ల ఎత్తున్న రేకు గరాటులాంటిది చాలు. అందులో కాంక్రీటు కూరి, గరాటును పైకి లాగేస్తే ముద్ద ఎంత కిందికి కూలబడిందో చూసి నీళ్లు ఎక్కువయ్యాయో లేదో అక్కడికక్కడే చెప్పేయొచ్చు. స్లంప్ టెస్ట్ అంటారు. పాలిటెక్నిక్ ల్యాబులో టీపీబీఓలందరూ చేసిన ప్రయోగమే ఇది.

దిమ్మల పరీక్ష ఇంకోటి. పోస్తున్న కాంక్రీటులోంచే కొంత తీసి 15 సెంటీమీటర్ల ఇనుప అచ్చుల్లో నింపుతారు. ఆ దిమ్మల్ని నీళ్లలో ఉంచి, ఏడో రోజున కొన్ని, 28వ రోజున కొన్ని యంత్రం కింద పెట్టి నలగ్గొడతారు. ఎం20 కాంక్రీటు దిమ్మ 28 రోజులకు దాదాపు 45 టన్నుల బరువును తట్టుకోవాలి. సర్కారు వంతెనలకీ, పెద్ద కంపెనీల టవర్లకీ ఈ పరీక్ష రివాజు. వీధిలో లేచే అయిదంతస్తులకు మాత్రం ఎవరూ అడగరు!

చివరిది సెంట్రింగు విప్పడం. స్లాబు కింద పోట్లు, గది వెడల్పు నాలుగున్నర మీటర్లలోపైతే ఏడు రోజులు, అంతకు మించితే 14 రోజులు ఉంచాలి. ఆరు మీటర్లు దాటిన బీముకైతే 21 రోజులు. సెంట్రింగు సామాను అద్దెది. రోజు గడిస్తే డబ్బు. పై అంతస్తుకు అదే సామాను కావాలి. ఏం జరుగుతుందో వేరే చెప్పాలా? విప్పాక పిల్లరూ బీమూ కలిసేచోట కంకర బయటపడి తేనెపట్టులా కనిపిస్తే, యజమాని చూసేలోపే మేస్త్రీ దానిమీద నాలుగు తాపీల సిమెంటు పూసేస్తాడు. లోపం కనిపించకుండా పోతుంది.

సంతకం ఉంది కదా!

‘ఇవన్నీ చూడటానికి స్ట్రక్చరల్ ఇంజినీరు ఉన్నాడుగా’ అంటుంది చట్టం. నిజమే. పెద్ద భవనాలకు లైసెన్సున్న స్ట్రక్చరల్ ఇంజినీరు డిజైనుకు పూచీ పడాలి, సైట్ ఇంజినీరు పనిని చూసుకోవాలి. చిన్న ఇళ్లను మినహాయిస్తే, కట్టే విస్తీర్ణంలో పది శాతాన్ని మున్సిపాలిటీకి తాకట్టు పెట్టాలి. ప్లాను ప్రకారమే కట్టారని తేలి ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ ఇచ్చాకే ఆ తాకట్టు విడిపిస్తారు.

కాగితం మీద ఎంతో ముచ్చటగా ఉంది. కానీ ఆ ఇంజినీరుకు డబ్బిచ్చేది బిల్డరే. ‘ఇనుము చాలదు’ అంటే మరుసటి ప్రాజెక్టుకు ఇంకో ఇంజినీరు దొరుకుతాడు. సైటు మొహం చూడకుండా సంతకం మాత్రం పెట్టేవాళ్లకు కొదవ లేదని ఈ వ్యాపారంలో ఉన్న ఎవరినడిగినా చెబుతారు. ఆక్యుపెన్సీ కోసం వచ్చే అధికారి మళ్లీ కొలిచేది సెట్‌బ్యాకులనీ, అంతస్తులనీ! గోడలకు రంగులేశాక ఆయన మాత్రం ఇంకేం చూడగలడు?

2020లో తెలంగాణ తెచ్చిన టీఎస్ బీపాస్ చట్టం ఈ బాధ్యతను యజమాని మీదికి మరింతగా జరిపింది. 75 గజాలలోపు జాగాలో చిన్న ఇంటికి అనుమతే అక్కర్లేదు, ఒక్క రూపాయి కట్టి నమోదు చేసుకుంటే చాలంది. 600 గజాలలోపు స్థలంలో పది మీటర్ల ఎత్తు వరకూ స్వీయ ధ్రువీకరణతో తక్షణ అనుమతి. అంతకు మించితే 21 రోజుల్లో. అబద్ధం చెప్పారని తేలితే నోటీసు లేకుండానే కూల్చేయొచ్చు. ఫైలు కదలడానికి చెప్పులరిగేలా తిరిగిన జనానికి ఇది పెద్ద ఊరటే. చేతులు తడిపే అవసరమూ తగ్గింది. తర్వాత ఆంధ్రప్రదేశ్ కూడా స్వీయ ధ్రువీకరణ బాటే పట్టింది. అయితే ఈ సంస్కరణలన్నీ వేగం పెంచింది అనుమతికి. తక్షణ అనుమతి ఇచ్చాక జరిగే తనిఖీలో అధికారులు చూసేదీ స్థలం, పత్రాలు, కొలతలే. స్లాబు రోజు ఖాళీ ఖాళీగానే ఉండిపోయింది.

శనివారం రాత్రి స్లాబులు

ఇన్‌స్పెక్టర్ల వైపు నుంచి కూడా కాస్త చూడాలి. ఏసీబీకి చిక్కిన వార్తల్లో పట్టణ ప్రణాళిక ఉద్యోగుల పేర్లు తరచూ కనిపిస్తాయి. దాన్నెవరూ కాదనలేరు. కానీ ఒక్క ఓవర్‌సీరు చేతిలో ఎన్ని కాలనీలుంటాయో, రోజుకు ఎన్ని ఫిర్యాదులు వస్తాయో చూస్తే జాలేస్తుంది కూడా. అక్రమ కట్టడం ఆపబోతే స్థానిక నాయకుడి ఫోను. నోటీసిస్తే కోర్టు స్టే. ఇవేవీ లేకపోతే సెలవులు! అదనపు అంతస్తు వేసేవాళ్లు శుక్రవారం దాకా చడీచప్పుడు చేయరు. శనివారం రాత్రి లైట్లు పెట్టి స్లాబు పోసేస్తారు. రెండో శనివారం, ఆదివారం, పండగ కలిసొస్తే ఇంకా మేలు. సోమవారం ఇన్‌స్పెక్టర్ వచ్చేసరికి స్లాబు మీద మడులు కట్టి నీళ్లు పెట్టి ఉంటాయి. చీకట్లో, హడావుడిగా, పైగా పునాది లెక్కలో లేని అంతస్తు. ఆ కాంక్రీటు ఎలా ఉంటుందో ఊహించుకోవాల్సిందే.

ఆ తర్వాత ఏదో ఒకరోజు క్రమబద్ధీకరణ పథకం వస్తుంది. ఉమ్మడి రాష్ట్రంలో 2007 చివర్లో వచ్చింది. విభజన తర్వాత 2015లో మళ్లీ వచ్చింది. అపరాధ రుసుం కడితే అక్రమం సక్రమమవుతుంది. ప్రభుత్వానికి ఆదాయం, యజమానికి నిశ్చింత. అయితే ఆ చలానా కట్టినంత మాత్రాన కింద ఉన్న పిల్లరుకు ఒక్క ఊచ కూడా అదనంగా చేరదు.

మూయకముందే చూడాలి

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఇలాంటి ఇన్‌స్పెక్టర్ మరో రూపంలో పరిచయం. న్యూజెర్సీలో ఇల్లు కొన్న తెలుగు కుటుంబం బేస్‌మెంటులో హోమ్ థియేటరో, దేవుడి గదో కట్టించుకోవాలన్నా టౌన్‌షిప్ నుంచి పర్మిట్ తీసుకోవాలి. కరెంటు తీగలు లాగాక, పైపులు వేశాక, గోడకు షీట్లు కొట్టకముందే ఇన్‌స్పెక్టర్‌ను పిలవాలి. మన చుట్టాలు మొదటిసారి తెల్లబోయేది అక్కడే. ఆయన చూడకముందే గోడ మూసేస్తే, మళ్లీ తెరిచి చూపించమనే హక్కు ఆయనకుంది. కొత్త ఇల్లయితే పునాదిలో కాంక్రీటు పోయకముందు ఒకసారి, పునాది గోడల చుట్టూ మట్టి కప్పకముందు ఒకసారి, చట్రం నిలబెట్టాక ఒకసారి, అంతా పూర్తయ్యాక మరోసారి చూస్తారు. అన్నింటి వెనకా ఉన్న సూత్రం ఒక్కటే... మూయకముందే చూడాలి.

అక్కడ ఆ ఉద్యోగానికి అర్హత కూడా వేరే తీరు. 1975లో న్యూజెర్సీ తెచ్చిన నిర్మాణ నియమావళి చట్టం ప్రకారం ఇన్‌స్పెక్టర్‌కు రాష్ట్ర లైసెన్సు ఉండాలి. కట్టడం, కరెంటు, ప్లంబింగ్, అగ్నిమాపకం... దేని లైసెన్సు దానిదే. పనిలో అనుభవం ఉండాలి, కోర్సు చదవాలి, ఇంటర్నేషనల్ కోడ్ కౌన్సిల్ పెట్టే పరీక్షల్లాంటివి గట్టెక్కాలి. ఇల్లు కట్టి కట్టి చేతులు కాయలు కాచిన వడ్రంగీ, ఎలక్ట్రీషియనూ చదివి ఇన్‌స్పెక్టర్లు కావడం అక్కడ మామూలే. పిలిచాక మూడు పనిదినాల్లో రావాలని నిబంధన. లైసెన్సు నిలవాలంటే మధ్యమధ్య మళ్లీ పాఠాలకు వెళ్లాలి.

అలాగని అమెరికాలో అన్నీ సవ్యంగా ఉన్నాయనీ కాదు. 2021 జూన్ 24న ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో 12 అంతస్తుల భవనం సగం కూలి 98 మంది చనిపోయారు. కాంక్రీటు దెబ్బతిన్నదని మూడేళ్ల ముందే ఓ ఇంజినీరు నివేదిక ఇచ్చాడు. మరమ్మతు ఖర్చు ఎవరెంత పెట్టుకోవాలన్న దగ్గరే ఆలస్యం జరిగింది. అక్కడ చూసినవాళ్లున్నారు, చెప్పినవాళ్లూ ఉన్నారు. మన దగ్గర అసలు చూడటమే లేదు.

కొత్త చట్టాలూ కొత్త కొలువులూ లేకుండానే దీన్ని మార్చొచ్చు. సివిల్ డిప్లొమా చదివిన ఓవర్‌సీర్లు ఉన్నారు. పాలిటెక్నిక్‌లలో దిమ్మలు నలగ్గొట్టే యంత్రాలున్నాయి. ఫొటో తీస్తే తేదీ, సమయం, స్థలం నమోదయ్యే ఫోన్లున్నాయి. పునాదికి ఒకసారి, ప్రతి స్లాబుకు ముందు ఒకసారి ‘ఇనుము చూశాను, పోసుకోవచ్చు’ అనే సంతకం లేనిదే కాంక్రీటు పోయకూడదన్న ఒక్క నిబంధన పెట్టడానికి ప్రభుత్వాలకు అడ్డేముంది? అధికారులు చాలరంటే, బిల్డరు జీతం మీద ఆధారపడని ఇంజినీర్ల జాబితా తయారుచేసి వంతులవారీగా పంపొచ్చు. లంచానికి ఇంకో తలుపు తెరిచినట్టవుతుందన్న భయం నిజమైందే. కానీ ఆ భయంతో తలుపు మొత్తానికే మూసేస్తే వానకు కూలేది కూలీల మీదే.

అప్పటిదాకా? ఇల్లు కట్టుకునేవాళ్లు తామే పూనుకోవాలి. టైల్స్ ఎంచుకోవడానికి నాలుగు షాపులు తిరుగుతారు కదా! స్లాబుకు ముందురోజు సాయంత్రం బిల్డరుతో సంబంధంలేని సివిల్ ఇంజినీర్ని ఒకర్ని పిలిచి, ఫీజిచ్చి, ఊచలన్నీ చూపించవచ్చు. డ్రాయింగు ప్రతి ఒకటి దగ్గర పెట్టుకుని ఆయన లెక్కపెడుతుంటే పక్కనే నిలబడి ఫొటోలు తీసుకోవచ్చు. ఫ్లాటు కొనుక్కునేవాళ్లయితే బ్రోచరులో స్విమ్మింగ్‌పూల్ బొమ్మ చూశాక, దిమ్మల పరీక్ష రిపోర్టు అడగొచ్చు. బిల్డరు మొహంలో రంగులు మారితే అదే సగం జవాబు!

మేస్త్రీ నొచ్చుకుంటాడేమోనన్న మొహమాటం కొందరిది. నిజానికి మంచి మేస్త్రీలు నొచ్చుకోరు. అచ్చులు తెప్పిస్తే వాళ్లే దగ్గరుండి కాంక్రీటు కూరి, పచ్చిగా ఉన్నప్పుడే మేకుతో తేదీ గీస్తారు. పొద్దుగూకాక కూలీలు చేతులు కడుక్కుని వెళ్లిపోతారు. సెంట్రింగు కింద పోట్ల మధ్య చీకటి. మర్నాడు అచ్చులు విప్పి, ఆ దిమ్మల్ని నీళ్ల తొట్టిలో వేస్తారు. ఏడో రోజున సగం, 28వ రోజున మిగతా సగం ల్యాబుకు వెళతాయి.